ఎక్కడికి, ఎక్కణ్ణించి

నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసిన ప్రతివాడికీ సంపత్తి రాలేదు గానీ గోపాలకృష్ణయ్యగారికి వచ్చింది. ఆయన జిన్నింగు మిల్లులో ఒక మాట తిరుగుతుండేది: పత్తి షావుకారుకి సంపత్తి, రైతుకి విపత్తి, గుమాస్తాకి ఆపత్తి. ఆ మాట కట్టినవాడు ఆ మిల్లు గుమాస్తాయే. పేరు రామబ్రహ్మం. నలభై అయిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. అసలు ఏ చర్యా లేకపోతే దాన్ని బ్రహ్మచర్యం అనడం ఏంది అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. ముందు తన మీద వేసుకుంటే తర్వాత ఊళ్ళో ఎవరి మీదైనా వెయ్యడానికి లైసెన్సు వచ్చినట్టేనని ఆయన లెక్క.

ఎనభై నాలుగులో ఆ మిల్లుకి కంప్యూటరొచ్చింది. షావుకారుగారి బావమరిది హైదరాబాదులో ఎక్కడో చూసి, ఇది లేకపోతే వ్యాపారమే కాదని ఊదరగొట్టి కొనిపించాడు. జిన్నింగు మిల్లంటే తెలుసుగా, గాల్లో గాలికన్నా దూది ఎక్కువ. హమాలీల కనుబొమల మీద దూది, టీ గ్లాసులో మీగడ మీద దూది, షావుకారుగారి మీసంలో ఏది తెలుపో ఏది దూదో ఆయన భార్యకే తెలియదు. ఆ దూది మిషన్‌లో దూరితే చచ్చూరుకుంటుందని కంపెనీవాళ్ళు చెప్పారు. అందుకని మిల్లు మధ్యలో ఒక అద్దాల గది కట్టించి, ఏసీ బిగించి, గుమ్మానికి కొబ్బరికాయ కొట్టి, తెర మీద కుంకుమ బొట్టు పెట్టి, తలుపు ఎప్పుడూ మూసే ఉండాలని ఆర్డరేశారు. లోపలికి ఇద్దరికే ప్రవేశం. చెప్పులు బయటే విప్పాలి.

"చెప్పులు బయట విప్పి, లోపలికెళ్ళి బూటు చెయ్యాలంట" అన్నాడు రామబ్రహ్మం మొదటిరోజే.

బూటు చెయ్యడమంటే మిషన్‌ని నిద్రలేపడమని మిల్లులో ఎవరికీ తెలియదు గనక ఎవరూ నవ్వలేదు. నవ్వింది ఒక్కడు, ఆ గదిలోకి ప్రవేశం ఉన్న రెండో మనిషి గులాం మొహిద్దీన్. పేటవాడే. హైదరాబాదులో ఆర్నెల్లు కంప్యూటరు కోర్సు చదివొచ్చాడు. ప్రోగ్రాములు రాసే పని అతనిది, వాటిలోకి బేళ్ళ బరువులూ రైతుల లెక్కలూ ఎక్కించే పని టైపు హయ్యరు పాసైన రామబ్రహ్మానిది.

మొహిద్దీన్ వెంటనే నవ్వే రకం కాదు. జోకు విని, నాలుగు మీటలు నొక్కి, తెర వైపే చూస్తూ, "సర్లే బెమ్మం, ఈసారికి వదిలేస్తున్నా" అనేవాడు. భుజాలు కదిలేవి. ఆ భుజాల కోసం రామబ్రహ్మం ఇంటి దగ్గర్నించే జోకులు తయారుచేసుకుని వచ్చేవాడు.

ఆ పాత మిషన్ కూడా మంచిది. పచ్చటి అక్షరాలు. ఎర్రర్ అన్నా పచ్చగానే అనేది. మనం ఏదన్నా తప్పు కొడితే తిట్టేది కాదు, మనం కొట్టిన మాటే తిరిగి చూపించి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టేది. పల్నాడులో పెద్దవాళ్ళకి చెవిలో సరిగా పడకపోతే "ఏందీ?" అంటారు చూడండి, అట్లా. దాన్ని నడిపించే వ్యవస్థ పేరు సీపీఎం అని ఇంజనీరు చెప్పినప్పుడు మాత్రం షావుకారుగారు ఉలిక్కిపడ్డారు. తన మిల్లులో యూనియనే లేదనుకుంటుంటే ఏకంగా ఏసీ గదిలో కూచోబెట్టామా అని. అది పార్టీ కాదండీ, పద్ధతి అని సర్దిచెప్పేసరికి మొహిద్దీన్‌కి గంట పట్టింది. ఆ గంటలో అతని భుజాలు ఆగలేదు.

ఒక మధ్యాహ్నం రైతులెవరూ రాక, పని లేక, ఊరికే కూచోలేక మొహిద్దీన్ ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. బెమ్మం అని పేరు పెట్టాడు. ఆ పేరు కొడితే చాలు, మిషన్ రామబ్రహ్మాన్ని పలకరిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చమైన పేట తెలుగు. ఒకసారి, "వచ్చావా బెమ్మం? అన్నం తిన్నావా, నా తల తింటానికొచ్చావా?" అంటుంది. ఇంకోసారి, "ఏంది ఆలస్యం? గాలి లేంది నీ సైకిలుకా, నీకా?" అంటుంది. "జోకు చెప్పబాక, కరెంటు పోద్ది" అంటుంది. అట్లాంటివి పదో పన్నెండో. ఏది ఎప్పుడొస్తుందో తెలియదు, పేకముక్క తీసినట్టు ఏదో ఒకటి తీస్తుంది. రామబ్రహ్మం ఆ సాయంత్రం ఇంటికి పోవడం మర్చిపోయి ఆడుకున్నాడు.

తర్వాత మొహిద్దీన్‌కి మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. క్వార్టర్సు, పిల్లకి స్కూలు, చానా మంచి ఉద్యోగం. వెళ్ళిన కొత్తలో ఆదివారాలు వచ్చేవాడు. ఆ తర్వాత పండక్కి వచ్చేవాడు. ఆ తర్వాత వస్తానని కబురు వచ్చేది. ఆ తర్వాత కబురు కూడా బస్సు దొరకనట్టు ఆగిపోయింది.

ఏసీ గదిలో రామబ్రహ్మం ఏకాకి అయ్యాడు. బయట మిల్లంతా మాట్లాడుకుంటూ ఉంటుంది. అద్దంలోంచి పెదాలు కదలడం కనపడుతుంది, మాట వినపడదు. హమాలీలు ఎందుకో పడీపడీ నవ్వుతుంటారు, ఎందుకో తెలియదు. తలుపు తీసి అడగొచ్చు గానీ, తలుపు తీస్తే దూది. షావుకారుగారు పని పడితే అద్దం మీద ఉంగరంతో టకటక కొట్టి వేలితో సైగ చేస్తారు. ఊరందరినీ నవ్వించిన మనిషికి పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు తెరిచే పనే లేకుండా పోయింది.

అందుకని రోజూ పొద్దున చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, మిషన్ లేపి, ముందుగా బెమ్మం అని కొట్టేవాడు. "వచ్చావా బెమ్మం? అన్నం తిన్నావా?" అని, ఆ ముక్క పడ్డ రోజున, పచ్చటి అక్షరాలు అడిగేవి. తిన్నా అని పైకే చెప్పి పనిలో పడేవాడు. రోజు మొత్తంలో ఆ మాట అడిగేది అదొక్కటే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే జోకనుకుంటారని కాదు, అనుకోరేమోనని.

ఎనభై తొమ్మిదిలో పాత మిషన్ ముసలిదైపోయిందని, దాన్ని తీసుకుని కొత్తది ఇస్తామని గుంటూరు నుంచి ఒక కంపెనీ వాళ్ళొచ్చారు. కొత్తదాన్ని డాస్ అనే పద్ధతి నడిపిస్తుంది. "సీపీఎం పోయి దాసుడొచ్చాడు, షావుకారుగారి అదృష్టం" అన్నాడు రామబ్రహ్మం. వచ్చిన ఇంజనీరు అబ్రహాము మర్యాదస్తుడు, చిన్నగా నవ్వి పెట్టాడు.

రెండు మిషన్లకీ మధ్య ఒక తీగ కట్టి, పాతదాని లెక్కలు దాచిన ఫ్లాపీలు కొత్తదానికి అర్థం కావు గనక, లెక్కలన్నీ తీగలోంచి పంపించాడు అబ్రహాము. అన్నీ అయ్యాక రామబ్రహ్మం కొంచెం నసిగి, ఇంకొక చిన్నది ఉందండీ, లెక్కలది కాదు అన్నాడు. అబ్రహాము దాన్నీ పంపాడు. అక్కడా ఇక్కడా ఒకటి రెండు మార్పులు చేసి కొత్త మిషన్‌లో నడిపి చూశాడు. తెల్లటి అక్షరాల్లో, "అన్నం తిన్నావా, నా తల తింటానికొచ్చావా?" అని వచ్చింది. అబ్రహాము ఆ వాక్యం చదివాడు, రామబ్రహ్మం మొహం చూశాడు, దాన్ని విడిగా ఒక ఫ్లాపీలో ఎక్కించి చేతికిచ్చాడు. ఈ మిషన్ తనలో ఏదీ దాచుకోదనీ, ఉన్నదంతా ఆ ఫ్లాపీలోనేననీ, ఫ్లాపీని నమ్ముకోవద్దనీ, ఫ్లాపయ్యేది కాబట్టే దానికా పేరనీ, రెండో కాపీ తీసి పెట్టుకొమ్మనీ చెప్పాడు. రామబ్రహ్మానికి అసూయ వేసింది. ఆ జోకు తనకి తట్టలేదు.

పాత మిషన్‌ని జీపెక్కించారు. పాత ఫ్లాపీల్ని మాత్రం షావుకారుగారు ఎక్కించనివ్వలేదు. తన లెక్కలు గుంటూరు పోయి ఎవరి కంట పడతాయోనని కత్తెర తెప్పించి, దగ్గర కూచుని, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయించి పొయ్యిలో వేయించారు. ఎవరినైనా ఊరికే నమ్మే మనిషి కాదు ఆయన.

ఇక కొత్త కాపురం మొదలైంది. మొహం చూస్తే పాతదే అనిపించేది. తెర మీద అదే ఇంగ్లీషు ఏ అక్షరం, పక్కనే అదే గద్ద ముక్కు గుర్తు, "ఏ... చెప్పు" అన్నట్టు. మనసు మాత్రం వేరు. పాతదానికి చెరిపెయ్యమని చెప్పే మాట దీనికి తెలియదు. దీనికి తెలిసిన మాట రామబ్రహ్మం వేళ్ళకి తెలియదు. తప్పు కొడితే "ఏందీ?" అనదు. చెడ్డ ఆజ్ఞ లేదా చెడ్డ ఫైలు పేరు అని ఇంగ్లీషులో మొహాన కొడుతుంది, తాలూకాఫీసులో అర్జీ తిరగ్గొట్టినట్టు. తెర మీద ఆరి వెలిగే గుర్తు కర్సరా, కసురా అని ఒక రోజు దాన్నే అడిగాడు రామబ్రహ్మం. అది మినుకు మినుకుమంటూనే ఉంది.

అన్నిటికన్నా పెద్ద తేడా కాపీ తియ్యడంలో. పాతదాంట్లో ముందు ఎక్కడికో చెప్పాలి, తర్వాత ఎక్కణ్ణించో చెప్పాలి. కొత్తదాంట్లో ముందు ఎక్కణ్ణించో చెప్పాలి, ఆ తర్వాతే ఎక్కడికో. అబ్రహాము ఈ మాట ఒకటికి రెండుసార్లు చెబితే రామబ్రహ్మం దానికీ ఒకటి కట్టాడు. పాతది బస్సు కండక్టరండీ, ఎక్కగానే "ఎక్కడికి?" అంటుంది. కొత్తది పోలీసోడు, "ఎక్కణ్ణించి వస్తున్నావు?" అంటాడు. అబ్రహాము ఈసారి నిజంగానే నవ్వాడు. జోకు కట్టినవాడికి పాఠం వచ్చినట్టేనని ఇద్దరూ అనుకున్నారు.

వచ్చింది నోటికి. వేళ్ళకి రాలేదు.

టైపిస్టు సంగతి మీకు తెలియందేం కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదట నేర్పేదే చదవొద్దని. చదివితే స్పీడు పడిపోతుంది. కన్ను కాయితం మీద, వేలు మీట మీద, మనిషి ఎక్కడో. రామబ్రహ్మం అట్లా ఇరవయ్యేళ్ళు కొట్టినవాడు. ఆ శనివారం పొద్దున ఏ అనే మొదటి అరలో మొహిద్దీన్ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పెట్టాడు, బీ అనే రెండో అరలో ఖాళీ ఫ్లాపీ పెట్టాడు. ఫ్లాపీకి ఫ్లాపీ కాపీ తీసే ఆజ్ఞ కొట్టి, పక్కన వేళ్ళకి అలవాటైన వరసలో, ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కణ్ణించి అని, ముందు బీ కొట్టి తర్వాత ఏ కొట్టాడు. కాలేజీలో బీయే పూర్తి చెయ్యలేకపోయినవాడు ఆ రోజు ఒక్క దెబ్బతో చేసేశాడు. మిషన్ మర్యాదగానే అడిగింది, అసలుది బీలో పెట్టావా, దేనిమీదికి పోవాలో అది ఏలో పెట్టావా, పెడితే ఏదన్నా మీట నొక్కమని. చదవలేదు. నొక్కాడు. ఖాళీ ఫ్లాపీ వచ్చి నిండు ఫ్లాపీ మీద కూచుంది.

గుర్రుగుర్రుమని తిరిగి ఆగింది. ఇంకో కాపీ కావాలా అని అడిగింది. రామబ్రహ్మం అప్పుడు చదివాడు.

రెండు ఫ్లాపీలూ మార్చి మార్చి పెట్టాడు. రెండింటిలోనూ శుభ్రంగా ఏమీ లేదు. బెమ్మం అని కొట్టాడు. చెడ్డ ఆజ్ఞ లేదా చెడ్డ ఫైలు పేరు అంది. నా పేరు చెడ్డ పేరెప్పుడయింది అనుకున్నాడు, అలవాటుగా. అనుకున్నాక ఆ జోకు ఎవరికి చెప్పాలో తెలియక అద్దంలోంచి బయటికి చూశాడు. బయట ఎవరో ఎవరికో ఏదో చెబుతున్నారు, పెదాలు కదులుతున్నాయి.

ఆ వాక్యాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఎవరినన్నా పట్టుకుని నేర్చుకుని తనే కొట్టుకోవచ్చు. కానీ తనే రాసి తనే అడిగించుకుంటే, అది అద్దం ముందు నిలబడి తనకి తనే నమస్కారం పెట్టుకోవడం. మొహిద్దీన్ దగ్గర ఇంకో కాపీ ఉండొచ్చు. లేకపోయినా మొహిద్దీన్‌కి గుర్తుండకపోదు. రాసినవాడు వాడే కదా. ఆదివారం తెల్లారగానే మాచర్ల బస్సెక్కాడు. కండక్టరు ఎక్కడికి అని అడిగాడు. పాత మిషన్ గుర్తొచ్చి ప్రాణం కొంచెం నిమ్మళించింది.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర బస్సంతా తెల్లబడింది. గురజాల దాటాక ఎండ కిటికీలోంచి వచ్చి పక్కన కూచుంది. రామబ్రహ్మం దారి పొడుగునా ఒక జోకుని పదును పెట్టుకుంటూ పోయాడు. సిమెంటు ఫ్యాక్టరీలో చేరి గట్టిపడ్డావా, కలిపినవాళ్ళతో కలిసిపోయావా, అని. రెండోది బాగుంది, రెండోదే అనాలనుకున్నాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, ఎక్కణ్ణించి వచ్చారని అడిగాడు. ఇక్కడ కూడా డాసే అనుకున్నాడు రామబ్రహ్మం.

నెలాఖరని ఆదివారమైనా మొహిద్దీన్‌కి డ్యూటీ ఉంది. కంప్యూటరు సెక్షన్ పెద్ద హాలు. నాలుగు మిషన్లు, అన్నీ డాసువే. గుమ్మం దగ్గర రామబ్రహ్మం చెప్పులు విప్పబోతుంటే లోపల్నించి ఒక కుర్ర ఆపరేటరు, పర్లేదు సార్, వేసుకునే రండి అన్నాడు. వాళ్ళంతా బూట్లతోనే ఉన్నారు. మొహిద్దీన్ కొంచెం ఒళ్ళు చేశాడు. కళ్ళజోడొచ్చింది. చూడగానే లేచి ఎదురొచ్చి, "రండి రండి బ్రహ్మంగారూ" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. మా పాత మిల్లులో సీనియర్ అని కుర్రాళ్ళకి పరిచయం చేసి టీ చెప్పాడు.

ప్రేమగానే మాట్లాడాడు. భార్య సాబిరా బాగుందన్నాడు, పిల్ల ఇంగ్లీషు మీడియం అన్నాడు, మిల్లు ఎట్లా ఉందని అడిగాడు, షావుకారుగారి మోకాళ్ళ గురించి కూడా అడిగాడు. రామబ్రహ్మం సందు చూసుకుని సిమెంటు జోకు వేశాడు. మొహిద్దీన్ వెంటనే నవ్వాడు. బాగుంది బాగుంది అన్నాడు. భుజాలు కదల్లేదు.

టీ అయ్యాక రామబ్రహ్మం వచ్చిన పని చెప్పాడు. పాత మిషన్‌లో నువ్వు ఒక ప్రోగ్రాం రాశావే, అది నా చేతిలో పోయింది, నీ దగ్గర కాపీ ఉందేమోనని.

"ఏది, బేళ్ళ షార్టేజీదా?"

"అది కాదు. నన్ను పలకరించేది."

"పలకరించేదా?" మొహిద్దీన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు పాపం, తలలో అరలన్నీ లాగి చూశాడు. "ఎప్పుడు రాశాను బెమ్మం?"

బెమ్మం అన్నాడు. రామబ్రహ్మానికి అది చాలనిపించి, ఆ క్షణంలోనే చాలదనిపించింది. ఒక మధ్యాహ్నం పని లేనప్పుడు అని చెప్పాడు. మొహిద్దీన్ అట్లా చానా రాస్తుంటాం అన్నాడు. అని, ఆ మాట ఎక్కడో తగిలిందేమోనని గ్రహించి కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"అదెంత పని. నువ్వు చెప్పు, ఏమేం రావాలో. నేను కొట్టేస్తా."

రామబ్రహ్మం చెప్పడం మొదలుపెట్టాడు. వచ్చావా బెమ్మం? అన్నం తిన్నావా, నా తల తింటానికొచ్చావా? మొహిద్దీన్ వేళ్ళు అది కొట్టాయి. రామబ్రహ్మం పొద్దున్నించీ ఏమీ తినలేదు. సైకిలు గాలి దగ్గరికొచ్చేసరికి మొహిద్దీన్ భుజాలు కదిలాయి. కరెంటు పోద్ది దగ్గర కొట్టడం ఆపేసి బల్ల పట్టుకున్నాడు. కుర్రాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఆ హాలంతా నవ్వుతోంది, అద్దం అడ్డం లేకుండా అందరి నవ్వూ వినపడుతోంది.

"అబ్బ, నీ జోకులు విని ఎన్నాళ్ళయిందో" అన్నాడు మొహిద్దీన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇవన్నీ నువ్వు కట్టినవేగా?"

రామబ్రహ్మం నోట్లో ఒక జవాబుంది. ఒక్క మాట చాలు. అది చెబితే మొహిద్దీన్ ఎంత బాధపడతాడో, ఎంతసేపు గుర్తుచేసుకోడానికి ప్రయత్నం చేస్తాడో, చివరికి గుర్తొచ్చినట్టు ఎట్లా మొహం పెడతాడో, ఆ మొహం మాత్రం తను చూడలేడు.

"నావే" అన్నాడు.

అన్నీ చెప్పడం అయిపోయాక మొహిద్దీన్ ఉత్సాహం పట్టలేక, ఉండు, ఇందులో నేనూ ఒకటి పెడతా అన్నాడు. చూడబాక, మొహం అటు తిప్పు, అక్కడికెళ్ళాక అదే వస్తుంది. రామబ్రహ్మం కిటికీ వైపు తిరిగాడు. వెనక రెండు మూడు మీటలు నొక్కిన చప్పుడైంది. అంతలో ఫోను మోగింది. బట్టీలో ఏదో ఆగిపోయిందట, ఎవరో పెద్దాయన అరుస్తున్నాడు. మొహిద్దీన్ రిసీవరు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎస్సార్ ఎస్సార్ అంటూ ఇంకేవో మీటలు నొక్కాడు. అవి ఆ వాక్యానివో, బట్టీ లెక్కలవో రామబ్రహ్మానికి తెలియలేదు. ఫోను పెట్టగానే ఫ్లాపీ తీసి కవర్లో పెట్టి చేతికిచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళాల్సింది, సాబిరా బిర్యానీ చేసేది, ఈసారి చెప్పి రండి అని, ఫ్యాక్టరీ వ్యాన్‌లో బస్టాండు దాకా పంపించాడు.

సోమవారం పొద్దున రామబ్రహ్మం ముందు ఆ ఫ్లాపీకి రెండో కాపీ తీశాడు. తెర మీద వచ్చిన ప్రతి మాట కింద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదువుతూ తీశాడు. తర్వాత బెమ్మం అని కొట్టాడు. ఏంది ఆలస్యం అంది మిషన్. తను చెప్పిందే. మర్నాడు అన్నం తిన్నావా అంది. అదీ తను చెప్పిందే. అన్నీ మొహిద్దీన్‌వే, అన్నీ తను చెప్పినవే. అంతకుముందు తిన్నా అని పైకి జవాబు చెప్పేవాడు. ఇప్పుడు చెప్పడానికి నోరు రావడం లేదు. ప్రశ్న పూర్తి కాకముందే అది ఏ మాటతో ముగుస్తుందో ఆయనకి తెలిసిపోతోంది.

తను చెప్పనిది ఒక్కటుండాలి అందులో. మొహం అటు తిప్పుకున్నప్పుడు మొహిద్దీన్ పెట్టింది. పెట్టాడో, ఫోను మోగిందని మధ్యలోనే వదిలేశాడో. ప్రోగ్రాంలో ఉన్న వాక్యాలన్నీ తెర మీద పరిచి చూపించే ఆజ్ఞ ఒకటుంది. నాలుగు అక్షరాలు. కొడితే ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ నాలుగు అక్షరాలు తప్ప మిగతావన్నీ కొడతాడు రామబ్రహ్మం.

నెలలు గడిచినా అది ఇంకా రాలేదు. పేకముక్కల్లో ఒక్కోసారి కావలసిన ముక్క ఆట చివరిదాకా రాదు, అంతమాత్రాన ముక్క కట్టలో లేదనకూడదు. అద్దం బయట షావుకారుగారు ఉంగరంతో టకటక కొడుతున్నారు, బేళ్ళ లెక్క కావాలని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, రామబ్రహ్మం మళ్ళీ బెమ్మం అని కొట్టాడు.